నల్లపావుల వైపు

బడిలో చదరంగం క్లబ్బుకి మిగిలింది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్లంతా డాన్సు క్లబ్బుకి మారిపోయారు. అయినా ఆమె రోజూ సాయంత్రం బల్ల ముందు కూర్చుని, తెల్లపావు ఒకటి జరిపి వెళ్లేది.

ఒకరోజు వచ్చేసరికి నల్లగుర్రం పక్కగడిలో ఉంది. మర్నాడు నల్లబంటు వెనక్కి నడిచింది.

ఎవరో మొహమాటస్తులు, ఆట రానివాళ్లు అనుకుంది. చీటీ రాసి గుర్రం కింద పెట్టింది: "గుర్రం అలా నడవదు. రా, నేర్పుతా." చీటీ మాయమైంది గానీ ఎవరూ రాలేదు. పావులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. రెండు వారాలు ఎత్తుకు పైఎత్తు వేస్తూ హాయిగా ఆడింది.

శుక్రవారం మరిచిపోయిన పుస్తకం కోసం వెనక్కొస్తే, గదులు ఊడ్చే ఆయమ్మ ఆ బల్ల తుడుస్తోంది. అడ్డొచ్చిన నల్లపావుని తీసి, తుడిచి, తోచినచోట పెట్టింది.

అమ్మాయి మొహం చూసి కంగారుపడింది.

"అయ్యో, ఇవి ఎక్కడివక్కడే ఉండాలా తల్లీ? కిటికీ వైపు దుమ్మెక్కువని రోజూ అటే తుడుస్తున్నా."

"మరి చీటీ?"

"చెత్తలో ఊడ్చేసుంటా. నాకు చదువెక్కడిదీ? బాగా మురికైతే తప్ప ఇక ముట్టుకోనులే."

సోమవారం నల్లపావులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మాయి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది.

వెళ్లేముందు నల్లబల్ల తుడిచే డస్టరు తెచ్చి, సుద్దపొడంతా వాటి మీద దులిపింది.