ఎనిమిది నిమిషాల పడుగు

"గురుత్వం గురించి వచ్చినానమ్మా," అన్నాడు గుమ్మం ముందు నిలబడ్డ పెద్దాయన.

లోపల మగ్గం మోత. గౌరమ్మ చెవికి అది "గుర్తింపు గురించి" అని చేరింది.

నేతగాళ్ళ గుర్తింపు కార్డుకు అర్జీ పెట్టి ఏడాదైంది మరి!

"కార్డుల సారు వచ్చినాడు, రాండ్రోయ్!" అని వీధి అదిరేలా కేక పెట్టింది.

అంతే. ఎమ్మిగనూరులో ఆ వీధి వీధంతా జిరాక్సు కాగితాలతో ఆయన్ని చుట్టుముట్టింది.

"నేను కార్డుల..." అని ఆయన మొదలుపెట్టాడు. వినే నాథుడు లేడు.

"ఈడ భాగ్య అనే పాప ఉందామ్మా?" అని మాత్రం అడగగలిగాడు.

భాగ్య గౌరమ్మ కూతురు. పదో తరగతి. నాలుగు రోజులుగా అన్నం సయించక మూల కూర్చుంది.

ఆదోని సైన్సు పోటీకి చార్టు రాసుకుపోయింది. సూర్యుడు ఉన్నట్టుండి మాయమైపోయినా, వెలుగు మనల్ని చేరడానికి పట్టే ఎనిమిది నిమిషాల దాకా భూమి ఎప్పటిలాగే తిరుగుతుందని అందులో ఉంది.

అక్కడి సైన్సు సారు అందరి ముందూ నవ్వాడు. "వెలుగు ఆలస్యమైతే సరే, ఆకర్షణకు కూడా ఆలస్యమా? తాడు తెగితే రాయి ఆ క్షణమే ఎగిరిపోదా?" అని చార్టు పక్కన పడేశాడు.

"ఇంక సైన్సు వద్దు మా, మగ్గమెక్కుతా," అంది భాగ్య ఇంటికొచ్చి.

ఇప్పుడు ఈ పెద్దాయన ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు రాసినదానికి ఆధారమేంది పాపా?"

గౌరమ్మ పరుగున పోయి ఆధార్ కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది!

నాలుగు రోజుల్లో మొదటిసారి భాగ్య నవ్వింది. నవ్వాక నోరు విప్పింది.

"రెండు నక్షత్రాలు ఢీకొన్నాయి సార్. దాని ఆకర్షణ అల, దాని వెలుగు, రెండూ పదమూడు కోట్ల ఏండ్లు ప్రయాణం చేసి, రెండు సెకన్ల తేడాతో మన కాడికి వచ్చినాయి. రెండు వేల పదిహేడులో పట్టుకున్నారు. అంటే రెండిటికీ ఒకటే స్పీడు."

"మన ఆదోని బస్సుకు చెప్పాల ఆ టైమింగు! మరి ఆ సారుకు చెప్పినావా?"

"చెప్పినా. కంటికి కనపడేది చూపియ్యి అన్న్యాడు."

పెద్దాయన వీధిలోకి చూశాడు. భాగ్య తండ్రి రామాంజనేయులు వీధి పొడుగునా పడుగు దారాలు లాగి కట్టి, నూలుకు గంజి పట్టిస్తున్నాడు.

"పొడుగున్న పడుగు ఉండగా ఇంకేం గావాల!" అని లేచాడు.

భాగ్యను ఒక కొసన నిలబెట్టి, కళ్ళు మూసుకుని నూలు మీద వేలు పెట్టమన్నాడు. గౌరమ్మను రెండో కొసకు పంపాడు.

"ఒక్క దెబ్బ కొట్టు తల్లీ."

గౌరమ్మ కొట్టింది. దుప్పటి కింద ఎలుక ఉరికినట్టు, నూలు మీద ఒక అల లేచి ఉరికింది.

రామాంజనేయులు చేతిలో కుంచె ఆగిపోయింది.

"వచ్చింది!" అని అప్పుడు అరిచింది భాగ్య.

"మీ అమ్మ కొట్టినప్పుడు తెలిసిందా, అల వచ్చినప్పుడా?"

"వచ్చినప్పుడే సార్!"

"తాడులో కూడా కబురు నడిచే పోవాల పాపా. మూరెడు తాడు కాబట్టి మన కంటికి ఆనలేదు, అంతే. బహుమతులు రేపే ఇస్తారు, పడుగు ఎత్తుకోని ఆదోనికి పోండి. లోపలికి రానిస్తారు, నేను ఫోన్ చేస్తా."

"మరి మా కార్డు?" అంది గౌరమ్మ.

"అది నా చేతిలో లేదమ్మా," అని ఆయన బస్టాండు దారి పట్టాడు.

"ఈ మాత్రానికి కాఫీ ఇయ్యకపోయింది మంచిదైంది," అని గౌరమ్మ మూతి తిప్పింది.

మర్నాడు ఆదోని స్కూలు మైదానంలో పడుగు కట్టారు.

గౌరమ్మ కొట్టింది. అల ఉరికింది. కళ్ళు మూసుకున్న భాగ్య "వచ్చింది!" అంది.

సైన్సు సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మళ్ళీ కొట్టమన్నాడు. మూడోసారి తనే కొసన నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"వచ్చింది!" అని సారే కేక పెట్టాడు.

మైదానం చప్పట్లతో మోగిపోయింది. మొదటి బహుమతి భాగ్యకే. "కొట్టింది నేను! కొట్టుకొచ్చింది నా బిడ్డ!" అని గౌరమ్మ కనపడిన వాళ్ళందరికీ చెప్పింది.

"ఈ ఉపాయం ఎవరిదమ్మా?" సారు అడిగాడు.

"మా కార్డుల ఆఫీసరుది సార్. గుర్తింపు గురించి వచ్చినాడు."

సారు పకపకా నవ్వి మైకు అందుకున్నాడు.

"గుర్తింపు కాదమ్మా, గురుత్వం! అంటే ఆకర్షణ. ఆయన ఆఫీసరూ కాదు. మిమ్మల్ని లోపలికి రానియ్యమని నాకు ఫోన్ చేసింది ఆయనే. తాడూ రాయీ చెప్పి ఒక పాప నోరు మూయించినానని మొన్న నేనే ఆయనకు ఫోన్ చేసి గొప్పలు పోయినా..."

సారు భాగ్య వైపు తిరిగాడు.

"ముప్పై ఏండ్ల కింద ఆ తప్పు పాఠం నాకు చెప్పిన మా మద్దిలేటి సారు ఆయన."