ఇద్దరూ ఉంటేనే సీలు తీయాలి

డబ్బా అడుగున అచ్చేసిన నంబరు చూడకుండా గిరీష్ దేన్నీ తెరవనివ్వడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా తార్నాకలో బాలస్వామి కిరాణా కొట్టు ముందు నిలబడి అదే పని చేశాడు. బబుల్‌గమ్ డబ్బాలు మూడున్నాయి. ఒక్కోదాన్నీ తలకిందులు చేసి, నంబరు చదివి, తన నోటుపుస్తకంలో చూసుకుని పెదవి విరిచాడు.

"ఇవి తెరవడం దండగ. మళ్లీ అవే కార్డులొస్తాయి."

"ఏంది తమ్మీ, పదిహేను రోజుల సంది గిదే మాట," అన్నాడు బాలస్వామి. "నీ దోస్తు నయం. పొద్దుగాల ఒక్కడే వచ్చిండు. మొన్న నువ్వు వద్దని పక్కకు పెట్టిన డబ్బనే తీస్కపోయిండు."

"ఎవరు? సుదర్శనా?"

"ఆ, గాయననే."

గిరీష్ నోటుపుస్తకం మూసేశాడు.

తొంభయ్యారు, ప్రపంచకప్ నెల. డబ్బా నిండా గమ్ పొట్లాలు, పొట్లానికొక క్రికెటర్ కార్డు, మొత్తం యాభై రెండు. అన్నీ పోగేసి కంపెనీకి పంపితే కలకత్తా సెమీఫైనల్‌కి టికెట్. సెట్టుకి ఒక్కటే టికెట్. సోమవారం లోపు పోస్టు చెయ్యాలి.

యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉండే గిరీష్, సుదర్శన్ కలిసి మొదలుపెట్టిన పిచ్చి ఇది. గిరీష్ ప్రొద్దుటూరు వాడు, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. ఏ నంబరు డబ్బాలో ఏ కార్డులు వచ్చాయో రాసిపెట్టుకుని, ఏది తెరవాలో ఏది వదిలెయ్యాలో తేల్చేవాడు. సుదర్శన్ జనగామ వాడు, హిస్టరీ ఎమ్మే. లెక్కల జోలికి పోడు. గిరీష్ తెరవమంటే తెరిచేవాడు, వద్దంటే మానేసేవాడు. ఆ గమ్ నమిలి నమిలి హాస్టల్ మొత్తానికీ దవడలు పట్టేశాయి.

జనవరికల్లా యాభై ఒకటి చేరాయి. యాభై రెండోది మాత్రం చిక్కలేదు.

వాళ్లకో ఒట్టు ఉంది. ఇద్దరూ ఎదురుగా ఉంటేనే సీలు తీయాలి. ఆఖరి కార్డు దొరికాక బొమ్మా బొరుసూ వేసుకోవాలి. నెగ్గినవాడు కలకత్తా వెళ్లాలి, ఓడినవాడు మెస్సు టీవీ ముందు కూర్చోవాలి.

ఒట్టు పెట్టించింది సుదర్శనే. ఇప్పుడు వాడే తప్పాడు.

తార్నాక నుంచి హాస్టల్ దాకా గిరీష్ దాదాపు పరుగెత్తాడు. రెండేళ్లుగా ఒకే గది, ఒకే సబ్బు. ఇంత దగ్గరివాడు ఇలా చేస్తాడా అని దారి పొడుగునా కుమిలిపోయాడు. దొరికే ఉంటుందా? దొరికితే చెప్తాడా, నేరుగా పోస్టాఫీసుకే పోతాడా?

గది తలుపు తోశాడు. తియ్యటి స్ట్రాబెర్రీ వాసన గుప్పుమంది. సుదర్శన్ నేలమీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ చించిన పొట్లాలు.

"నేను లేకుండా తెరిచావా?"

"అరే, కోపం జేయకురా," సుదర్శన్ లేచి నిలబడ్డాడు. "నువ్వేమో ఏ డబ్బ జూసినా వద్దంటున్నవ్. సోమవారం దాటితే అంతా పాయె. అందుకే ఒక్కటి తెచ్చిన."

"దొరికిందా?"

"ఎక్కడిది? నువ్వన్నదే నిజమైంది. అన్నీ పాతయే."

గిరీష్ నమ్మలేదు. కార్డులు లాక్కుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. మంచం కింద చూశాడు. పరుపెత్తి చూశాడు. ఎక్కడా లేదు. అయినా మనసు కుదుటపడలేదు.

"జేబులు చూపించు."

సుదర్శన్ మొహం మాడిపోయింది. "ఏమన్నవ్?"

"నీ జేబులు చూపించరా. ఒట్టు తప్పినవాడు కార్డు దాచడని ఏంటి నమ్మకం?"

సుదర్శన్ ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగాడు. బస్ పాసు, చిల్లర, గది తాళంచెవి.

"దొరికితే టాస్ గూడ వద్దు, నువ్వే పోరా అందామనుకున్న," అన్నాడు. "పదో క్లాసు నుంచి కలకత్తా కలకత్తా అని కలవరిస్తున్నా అని నువ్వే జెప్పినవ్ గద. నిన్ను ఖుష్ జేద్దామని తెరిచిన. తప్పే. గానీ నా జేబులు దేవులాడుతవని అనుకోలే."

"ఇప్పుడెన్నైనా చెప్తావు. దొరికుంటే తెలిసేది నీ సంగతి. మోసం మోసమే."

సుదర్శన్ బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. అల్మారాలోంచి యాభై ఒక్క కార్డుల కట్ట తీసి గిరీష్ మంచం మీద పెట్టాడు.

"ఇవి నువ్వే ఉంచుకో. నాకు కార్డులు వద్దు, కలకత్తా వద్దు. అడిక్‌మెట్ల మా అన్న రూంకి పోతున్న. పరీక్షలైనంక వచ్చి పరుపు తీస్కపోత."

మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు కాసేపు వినపడి ఆగిపోయింది. గిరీష్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. ఇంతగా నమ్మినవాడు తన వెనక డబ్బా తెరిచాడే అని బాధపడ్డాడు.

తలుపు గడియ పెట్టి, కళ్లు తుడుచుకుని, ఆ కట్ట అడుగున గిరీష్ యాభై రెండో కార్డు చేర్చాడు, పదిహేను రోజుల కిందట హబ్సిగూడలో తానొక్కడే సీలు తీసిన డబ్బాలో దొరికినది.