వచ్చే శనివారం

శనివారం ఉదయం తొమ్మిదింటికి దేవకుమార్ ఇంటి గరాజ్ ముందు ఒక ముసలాయన పొడవాటి సంచీతో వచ్చి నిలబడ్డాడు.

ఎప్పుడూ చూసిన మనిషి కాదు. పేరు ఆర్విల్ అని, వీధి చివరి తెల్ల ఇంట్లో ఉంటానని, ఇక్కడ లేత్ మిషన్ ఉందని ఎవరో చెబితే వచ్చానని చెప్పుకున్నాడు.

సంచీ విప్పి రైఫిల్ బయటికి తీశాడు.

దేవకుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్లో పన్నెండేళ్లుగా కార్ల విడిభాగాల కంపెనీలో టూల్ ఇంజనీరు. తుపాకీని ఇంత దగ్గరగా చూడడం మాత్రం అదే మొదలు.

గొట్టం మూతికి బొటనవేలంత ఇనుప బిరడా ఉంది. పక్కనుంచి పిన్ను దిగ్గొట్టి, పైన వెల్డింగ్ చేసేశారు. మధ్యలో చీమ దూరేంత చిల్లు. తూటా బయటికి వచ్చే దారే లేదు.

"దీన్ని తీయాలి, దేవ్. షాపువాళ్లు మూడు నెలలు ఆగమన్నారు. నాకు శనివారానికి కావాలి. ఒక ఫ్రెండ్ కోసం," అన్నాడు ఆర్విల్.

ఎవరో బుద్ధిమంతుడు మూయించిన మూతిని ఈయన తెరవమంటున్నాడు. అదీ ఫ్రెండ్ కోసమట. దేవకుమార్ ఆలోచన పోలీసుల దాకా, లాయరు దాకా వెళ్లొచ్చింది.

చెయ్యనని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మనవాడు భీమవరం వైపు మనిషి, పైగా మొహమాటస్తుడు. పామూ చావకుండా కర్రా విరగకుండా, ఈ వారం బిజీ, వచ్చే శనివారం చూద్దాం అన్నాడు.

మనవాళ్లయితే ఆ 'చూద్దాం' వినగానే సంగతి గ్రహించి ఇంకోచోటు వెతుక్కునేవాళ్లు. ఆర్విల్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ రాసుకున్నాడు.

తర్వాతి శనివారం సరిగ్గా తొమ్మిదింటికి వచ్చాడు. చేతిలో పెరటి టమాటాలు.

దేవకుమార్ మళ్లీ వచ్చే శనివారం అన్నాడు. ఆర్విల్ మళ్లీ రాసుకున్నాడు.

"దయ్యం రాకుండా తలుపు మీద 'రేపు రా' అని రాసేవాళ్లు చూడండి, అలా ఉందండీ మీ వరస. ఆ తుపాకీ ఎందుకో ఆయన్నే అడగొచ్చు కదా," అంది భార్య దెబోరా.

ఏం వినాల్సొస్తుందోనని దేవకుమార్ అడగలేదు.

అలా ఆరు వారాలు గడిచాయి. దెబోరా ఆ టమాటాలతోనే పచ్చడి చేసి ముసలాయనకు సీసాలో పోసిచ్చింది. ఆయన దాన్ని బ్రెడ్డుకి రాసుకుని, చెమటలు తుడుచుకుంటూ తిన్నాడట. తొమ్మిదవుతోందంటే దేవకుమార్ రెండు కప్పుల కాఫీ పెట్టడం అలవాటైంది. పని చెయ్యడు గానీ మనిషి మీద ఇష్టం మాత్రం పెరిగిపోయింది.

ఏడో శనివారం ఆర్విల్ సంచీ బల్ల మీద పెట్టి, మోకాళ్లు మొయ్యనివ్వట్లేదు, ఇక్కడే ఉంచుతానన్నాడు.

ఆయన కుంటుకుంటూ వెళ్లడం చూసి దేవకుమార్ మనసు చివుక్కుమంది. పని పూర్తి చేస్తాను, ఇచ్చేముందు ఎందుకో అడుగుతాను అనుకున్నాడు.

శుక్రవారం ఆఫీస్ నుంచి వచ్చి సంచీ విప్పితే, పక్క అరలో నూనె కాగితంలో చుట్టిన కొత్త బిరడా కనిపించింది. అచ్చం పాతదానిలాంటిదే. దానికీ అంతే చిల్లు.

ముసలాయన మూతి తెరవమనలేదు. అరిగిపోయినదాన్ని మార్చమన్నాడు, అంతే.

దేవకుమార్‌కి సిగ్గేసింది. వెంటనే వెల్డింగ్ అరగదీసి, పిన్ను తీసి, పాతది ఊడదీశాడు. గుప్పెడు మసి రాలింది. ఎన్ని వందలసార్లు పేల్చారో. తూటా పోని తుపాకీతో ఇంత కాల్పులేమిటో మాత్రం అర్థం కాలేదు. కొత్తది బిగించి, తళతళలాడేలా తుడిచాడు.

శనివారం తొమ్మిదైంది. దెబోరా గారెలు వేసింది. కాఫీ చల్లారింది. ఆర్విల్ రాలేదు.

పదింటికి దేవకుమార్ తెల్ల ఇంటి తలుపు తట్టాడు. ముసలాయన మేనకోడలు తలుపు తీసింది. ఆయన గురువారం నిద్రలోనే పోయారని, సోమవారం సమాధి అని చెప్పింది. వీలైతే ఆ రైఫిల్ తెమ్మని అడిగింది.

సోమవారం సమాధుల దగ్గర మాజీ సైనికుల టోపీలు పెట్టుకున్న ఆరుగురు ముసలివాళ్లు రైఫిళ్లతో వరసగా నిలబడి ఉన్నారు. మొదటి చోటు ఖాళీ. తన రైఫిల్ ఇంకొకరికిచ్చి పక్కన నిలబడ్డ ఏడో ముసలాయన ఎదురొచ్చాడు.

"నువ్వేనా దేవ్? చాలా బిజీ మనిషివి, అయినా తన పని చేసిపెడుతున్నావని ఆర్విల్ మురిసిపోయేవాడు."

దేవకుమార్ కళ్లెత్తలేకపోయాడు. ఆ పెద్దాయన రైఫిల్ అందుకుని, మూతి తడిమి చూసి, తూటా లేని ఉత్త మందుగుండు పెట్టి, ఖాళీ చోట్లో నిలబడ్డాడు.

ఏడు రైఫిళ్లూ ఒక్కటిగా మోగాయి. మూడుసార్లు.

అంతా అయ్యాక, మొదటిరోజే అడగాల్సిన మాట దేవకుమార్ ఇప్పుడు అడిగాడు. ఆర్విల్ చెప్పిన ఆ ఫ్రెండ్ ఎవరు?

"వారానికొకరు," అన్నాడు పెద్దాయన. "అయినవాళ్లంటూ లేని సైనికుడు పోతే, ఇలా పేల్చి సాగనంపడానికి ఇరవై రెండేళ్లుగా ప్రతి శనివారం వచ్చేవాడు. ఈ ఏడు వారాలూ నా రైఫిల్ అడిగి తీసుకున్నాడు."

ఆ పక్కనున్న సమాధి రాళ్లకేసి చూపించాడు.

"వీళ్లందర్నీ ఫ్రెండ్ అనేవాడు. బతికుండగా ఒక్కరి ముఖం కూడా చూసి ఎరగడు."