పైపు ఎప్పుడు పగిలింది?

బీమా సర్వేయరు బూట్లతోనే లోపలికి వచ్చాడు. గుమ్మంలో పట్టా పరిచి ఉన్నా కాళ్లు తుడుచుకోలేదు. పొద్దున్నే తడిగుడ్డ పెట్టిన గచ్చంతా బురద అచ్చులు. ఆవిడకి ఒళ్లు మండింది. అయినా కోపం దిగమింగుకుంది. క్లెయిము వస్తేనే పడకగది పైకప్పు బాగయ్యేది. రాకపోతే అత్తగారు ఈ ఏడాది కూడా పెళ్లలు రాలే ఆ కప్పు కిందే పడుకోవాలి. ఇంటికి బీమా ఉందిలే అని ఇంటిల్లిపాదీ ధైర్యం చెప్పుకుంటూ వచ్చారు.

పలకరింపూ లేదు, పాడూ లేదు. గోటితో గోడ గీకాడు. రాలిన సున్నం పెళ్ల ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బీరువా పక్కకి జరిపి, వెనక నల్లగా పట్టిన బూజు మీద టార్చి వేశాడు. మురుగు కంపు గుప్పుమంది. అతని మొహంలో మాత్రం నిధి దొరికినంత సంతోషం. ఛీ, కుళ్లు చూసి మురిసిపోవడం ఏం ఉద్యోగమో అనుకుంది.

"పైపు ఎప్పుడు పగిలిందమ్మా?"

పాఠం మర్చిపోయిన పిల్లలా ఆవిడ నీళ్లు నమిలింది.

"ఎండాకాలంలోనే గోడకి చెమ్మ కనిపించిందండీ. అప్పట్నుంచీ కారుతూనే ఉంది."

"అయితే రాదు."

గొంతులో జాలి మచ్చుకైనా లేదు. ఉన్నట్టుండి పైపు పగిలి ఇల్లు పాడైతే కంపెనీ ఇస్తుందట. కొద్దికొద్దిగా కారి పాడైతే అది ఇంటివాళ్ల అశ్రద్ధేనట. ఏటేటా ప్రీమియం కట్టాం కదా అంటే, కట్టినంత మాత్రాన అన్నిటికీ వర్తిస్తుందని ఎవరన్నారని ఎదురడిగాడు. మరికాస్త ఎక్కువ కట్టి ఉంటే ఇదీ వచ్చేదట. ఎందుకు కట్టలేదో చెప్పమన్నాడు.

"పాలసీ తీసుకున్నది మా ఆయన. ఆయనకి అన్నీ తెలుసని మా నమ్మకం," అంది, మొహంలోకి సూటిగా చూస్తూ.

అతను కాగితాల్లోకి తల దించుకున్నాడు.

అంతటితో వదిలాడా? మంచం మీదున్న అత్తగారి దగ్గరికెళ్లి వంగాడు. ఈ వాసన ఎన్నాళ్లుగా వస్తోందని తియ్యగా అడిగాడు. పెద్దావిడకి దాపరికాలు చేతకావు. చాన్నాళ్లయింది నాయనా, పడుకుంటే మొహం మీద చుక్కలు పడుతున్నాయి అంది. అదీ రాసుకున్నాడు.

నష్టపోయినవాళ్ల నోటితోనే వాళ్ల నోట్లో మట్టి కొట్టించడం, అదీ ముసలివాళ్ల చేత. ఎన్ని ఇళ్లలో ఇలాగే తియ్యగా అడిగి ఉంటాడో. ఎంతమంది ఆడవాళ్లు నిజం చెప్పి, అదే తమ తప్పయినట్టు ఏడ్చి ఉంటారో. ఇక ఆవిడ ఉగ్గబట్టుకోలేకపోయింది.

"రోజూ మీరు చేసే పని ఇదేనా?"

"నేను అడుగుతాను, వాళ్లు చెబుతారు. అందులో నా తప్పేముంది?"

ఆ మాట అంటున్నప్పుడు సిగ్గుతో రెప్ప కూడా వాలలేదు. ఆ మొహాన ఉమ్మెయ్యాలన్నంత అసహ్యం వేసింది ఆవిడకి.

అతను పెన్ను మూత పెట్టి, విసుగ్గా కుర్చీలో కూలబడ్డాడు.

"ఇలా నిజం కక్కేస్తే ఎలాగే, రేపు నిజంగా మనింటికి వచ్చే సర్వేయరు నాకంటే గట్టివాడు, అమ్మకీ నేర్పి, నిన్ననే పగిలిందని ఇంకోసారి మొదట్నుంచీ చెప్పు," అన్నాడు ఆవిడ మొగుడు.