చెయ్యెత్తిన మురియెల్

జూన్ 23, 2026. బోస్టన్, లింకన్‌షైర్, ఇంగ్లండ్.

బొజెనా, ఇవాళ చర్చి హాల్లో జరిగినదాన్ని ఎవరైనా తీపి పూసి నీకు చెప్పకముందే నేను రాస్తున్నాను.

ఐరోపా కూటమి నుంచి విడిపోదామని దేశం ఓటేసి నేటికి పదేళ్ళు. మేము టీ తాగుతుండగా సర్వే అమ్మాయి వచ్చి, "అది తప్పనుకునేవాళ్ళు చెయ్యెత్తండి" అంది. అందరికంటే ముందు పక్కింటి మురియెల్ ఎత్తింది. ఫలితం వచ్చిన పొద్దున, నిండు చూలాలివైన నిన్ను బస్‌స్టాపులో "పెట్టె సర్దుకున్నావా, పోలండ్ పిల్లా?" అని అడిగిన మనిషి.

"నీకు బుద్ధెప్పుడొచ్చింది?" అన్నాను.

"సరదాకన్న మాట పట్టుకుని ఇంకా వేలాడుతున్నావుటే? మీ కోడలు నర్సేగా, రమ్మనరాదూ. నర్సులందరూ వెళ్ళిపోయారు, నా కాలి పుండుకు కట్టు కట్టే దిక్కు లేదు" అంది, టీలో ముంచిన బిస్కెట్ చప్పరిస్తూ.

నేను నా కప్పు పక్కన పెట్టేశాను. సర్వే అమ్మాయి మాత్రం ఆమెను మనసు మార్చుకున్నవాళ్ళలో రాసుకుంది.

ఇక జరగవలసినవి:

1. మీరు ముగ్గురూ పోలండ్‌లోనే ఉండాలి, మనవణ్ణి చూడాలని నాకెంత ఉన్నా.
2. మురియెల్ నీకు క్షమాపణ రాయాలి. అందులో తన కాలి ఊసు ఉండకూడదు.
3. రాసేదాకా, రోజూ గుర్తుచేస్తూ, ఆ కట్టు నేను కట్టాలి. ఇవాళ్టిది కట్టి, చేతులు కడుక్కుని వచ్చే ఇది రాస్తున్నాను.