ఎడమ పక్క సందు

బూరుల్ పొయ్యి దగ్గర కూర్చుని బూర్సోక్ రొట్టెముక్కలు నూనెలో వేయిస్తోంది. తెల్లవారితే తమ్ముడు ఎర్మెక్ గాలితెప్ప మీద ఏటి వెంట లోయ దాటాలి. దారికి తిండి అది. వాడేమో వేగిన ముక్కలనే ఏటిలో బండలుగా భోజనాల గుడ్డ మీద పేర్చి, దారి చూసుకుంటున్నాడు.

"ఇదిగో అక్కా, పెద్దబండకి ఎడమ పక్కన సందుంది. అందులోంచి జారిపోతా."

"తిండితో ఆటలేంట్రా? తాలాయ్ అన్న కూడా ఆ సందులోకే పోయాడు."

పోయిన వేసవిలో వాళ్ల అన్న తాలాయ్ తెప్ప అక్కడే తిరగబడింది. శవం దొరకలేదు. గురువారం రాత్రి కాగిన నూనె వాసన చనిపోయినవాళ్లకు చేరుతుందంటారు. అన్న బతికే ఉన్నాడన్న ఆశతో బూరుల్ ఏడాదిగా గురువారాలు నూనె కాచలేదు. ఇవాళ గురువారమని హడావిడిలో మరిచిపోయింది.

"సందు మూసేశావేంటే అక్కా? నన్ను ఆపడానికా?" ఎర్మెక్ నవ్వాడు.

ఎడమ సందులో ఒక ముక్క అడ్డంగా ఉంది.

"నేను పొయ్యి దగ్గర్నుంచి లేస్తే కదరా!"

వాడు ముక్కను పక్కకు జరిపాడు. పొయ్యిలో కట్టె ఫట్‌మంది. ఇద్దరూ అటు చూసి ఇటు తిరిగేసరికి అది మళ్లీ సందులోనే ఉంది. ఈసారి నీళ్లోడుతోంది. ఎర్మెక్ ముట్టుకున్నాడు. మంచులా చల్లగా ఉంది. వేళ్లకు ఇసుక అంటింది.

"అన్న వద్దంటున్నాడా అక్కా? తనెక్కడున్నాడో చూపిస్తున్నాడా?"

బూరుల్ గబగబా బాణలి దించేసింది. ఆవల ఏటి హోరు వినిపిస్తోంది.

ఎర్మెక్ గోడకున్న తెడ్డు తీసుకుని, తెల్లవారేదాకా ఆగకుండా ఏటి వైపు వెళ్లిపోయాడు.