శుక్రవారం ఐదు గంటలకు

వాసంతి నాలుగు నెలలు కష్టపడి తయారుచేసిన వెబ్ పేజీ ఆ బుధవారం మొదటిసారి సరిగ్గా పనిచేసింది. ఏ మెయిల్ ఎవరికి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లాలో వాడేవాళ్లే అందులో పెట్టుకోవచ్చు. ఆ వేళకు కంప్యూటరే పంపేస్తుంది. 1999లో, చింతాద్రిపేటలోని ఆ చిన్న కంపెనీకి మిగిలిన ఆశ అదొక్కటే.

యజమాని వెంకట్రామ్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేను ఈడ లేకపోయినా పోతాదా వాసంతీ?"

"పోతాది సార్. ఒకసారి పెట్టేస్తే సాలు, మీరు ఆఫీసుకు రావాల్సిన పనే లేదు."

"మధ్యలో మనసు మారితే?"

"తీసేయొచ్చు సార్. పెట్టినోళ్లు, లేకుంటే నేను. ఇంకెవురూ తీయలేరు."

ఆయన చాలాసేపు స్క్రీన్ వైపే చూశాడు. "బాగా చేసినావమ్మా" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. సంతోషమనుకుని వాసంతి కూడా కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం నాలుగున్నరకు ఆమె ఆ పేజీలో, పంపాల్సిన మెయిళ్ల జాబితా తెరిచి చూసింది. ఒక్కటే ఉంది. పెట్టింది వెంకట్రామ్. ఐదు గంటలకు తొమ్మిదిమంది ఉద్యోగులకూ వెళ్లాలి.

"కంపెనీ ఈ రోజుతో మూసేస్తున్నాను. మీ ముఖాలు చూసి చెప్పే ధైర్యం లేదు. క్షమించండి."

ఆయన గదికి తాళం వేసి ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆ మెయిల్‌ను ఆమె తీసేయగలదు. కానీ తీసేస్తే, మిగతా ఎనిమిదిమందికీ ఆ మాట తనే చెప్పాలి. మౌస్ మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది.

ఐదింటికి తొమ్మిది కంప్యూటర్లూ ఒక్కసారే మోగాయి. అప్పుడే చూస్తున్నట్టు, అందరితోపాటు ఆమె కూడా మెయిల్ తెరిచింది.